గిర్నీలో తెల్ల పొగ

2011 సెప్టెంబరు చివరి వారం, పగలు పదకొండు గంటలు. కొత్తగూడ నుంచి గంగారం పోయే దారిలో ఒక ఊరి గిర్నీ. అక్కడ ఉన్నవాళ్లు: గిర్నీ నడిపే సాంబయ్య, ఆయన భార్య ఐలవ్వ, జొన్నలూ గోధుమలూ సంచుల్లో తెచ్చుకుని వరుసలో కూర్చున్న తొమ్మిది మంది ఆడవాళ్లు, నేను. ఉన్న వస్తువులు: పిండి మర ఒకటి, కారం మర ఒకటి, మోటారు ఉండాల్సిన చోట ఖాళీ దిమ్మె, తల విప్పిన ఎనిమిది హార్స్‌పవర్ డీజిల్ ఇంజను. నా సంచిలో పిస్టన్, లైనర్, రింగుల సెట్టు, వెర్నియర్, టార్క్ రెంచి, ఒక సిరంజి. సిరంజి ఎందుకో తర్వాత చెప్తాను.

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. జనగామలో ఖాజా భాయ్ నడిపే ఇంజన్ రీబోర్ షాపులో అప్పటికి రెండేళ్లుగా పని చేస్తున్నాను. రీబోర్ అంటే అరిగిన సిలిండరును మళ్లీ నున్నగా కోసి, దానికి సరిపోయే పిస్టన్ వేయడం. పంపుసెట్లు, ట్రాక్టర్లు, గిర్నీ ఇంజన్లు మా దగ్గరికి వస్తాయి. రాలేనివాటి దగ్గరికి మేం పోతాం. సాంబయ్య ఇంజను పదిహేనేళ్ల కింద మా షాపు నుంచే పోయింది. అందుకే ఆయన దగ్గరలో ఉన్న ఊళ్లు వదిలి వంద కిలోమీటర్ల అవతల ఉన్న ఖాజా భాయ్‌కి ఫోన్ చేశాడు.

అప్పుడు ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, భూపాలపల్లిలో బొగ్గు బావులు ఆగాయి. బొగ్గు ఆగాక కరెంటు కోతలు పెరిగాయి. కరెంటు ఉండే మూడు నాలుగు గంటలూ లో ఓల్టేజీ. సాంబయ్య మోటారు ఆ లో ఓల్టేజీకి కాలిపోయింది. వైండింగుకు మానుకోట పంపిస్తే అక్కడ రాగి తీగ లేదన్నారు. మహబూబాబాద్‌ను ఇటువైపు అందరూ మానుకోట అనే అంటారు. ఇక గతిలేక, మూడేళ్లుగా మూలకు పడి ఉన్న డీజిల్ ఇంజన్ని బయటికి తీశాడు. అది రెండు రోజులు నడిచి పట్టేసింది. పట్టేయడం అంటే పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండరు గోడకు కరుచుకుపోవడం. పిస్టన్ చీలింది, సిలిండరు లోపలి తొడుగైన లైనర్‌కు గీతలు పడ్డాయి. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్లకు అదొక్కటే గిర్నీ. సద్దుల బతుకమ్మ వారం రోజుల్లో ఉంది. రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసే మలీదకు పిండి కావాలి.

ఆ మోడల్ కొత్త పిస్టన్ మా షాపులో లేదు, కొలతలు పోల్చడానికి అరిగిన పాతది ఒకటి మాత్రం తుక్కులో దొరికింది. హైదరాబాద్ నుంచి పార్సిళ్లు రావడం లేదు. ఖాజా భాయ్ అలమార వెతికి వేరే మోడల్ పిస్టన్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఖాజా భాయ్, దీని తల వేరే ఉన్నది" అన్నాను.

"తల ఎవడు చూస్తడు? బోరు కలిసిందా?"

"కలిసింది."

"పిన్ను?"

"కలిసింది."

"పిన్ను కాన్నుంచి మీదికి ఎత్తు?"

"గది గూడ కలిసింది. కానీ గిన్నె లోతు తక్కువున్నది."

"గిన్నెల పప్పు వండుతవా ఏంది, ఇంజనీర్ సాబ్? మూడు కొలతలు కలిస్తే పిస్టన్ కలిసినట్టే. ముప్పై ఏండ్ల సంది నాకు గిదే లెక్క. ఆడ ఎనిమిది ఊర్లు పరేషాన్ ఉన్నయి. పెట్టి రా పో. సమ్మె అయినంక అసలుది పెడుదం."

మూడు కొలతల లెక్క మా పనిలో అందరూ వాడేదే. జనగామలోనూ అంతే, మానుకోటలోనూ అంతే. బోరు, పిన్ను, ఎత్తు కలిస్తే ఇంజను తిరుగుతుంది. తిరిగితే రైతు సంతోషిస్తాడు. ఎవరూ పిస్టన్ తల చూడరు.

తల ఎందుకు చూడాలో ఇక్కడ చెప్పాలి. డీజిల్ ఇంజన్లో నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కుతుంది, గాలి వేడెక్కుతుంది, ఆ వేడిగాలిలోకి నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది, అది మండుతుంది. పిస్టన్ తలలో ఒక గిన్నె చెక్కి ఉంటుంది. తుంపర ఆ గిన్నెలో సుడి తిరుగుతున్న గాలితో కలవాలి. ఏ నాజిల్‌కు ఎంత లోతు గిన్నె అనేది ఇంజను చేసినవాళ్లు లెక్క కట్టి పెడతారు. గిన్నె లోతు తక్కువైతే తుంపర గాలిలో కలవకముందే లోహానికి తగిలి తడిలా అంటుకుంటుంది. అంటుకున్నదంతా కాలదు, ఆవిరై పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. ఇంకో తేడా కూడా ఉంది. పిస్టన్‌ను గోడకు బిగువుగా ఆనించే రింగుల్లో మొదటిది ఈ పిస్టన్ మీద మూడు మిల్లీమీటర్లు కిందికి ఉంది. రింగు పైన పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండే సన్నని సందు అంతమేర పెరిగింది. మంట ఆ సందులోకి దూరదు. అందులో చిక్కిన గాలి మండడానికి పనికిరాదు, అందులోకి జారిన ఇంధనం పచ్చిగానే బయటపడుతుంది. పొయ్యిలో తడి కట్టె పెడితే మంట తక్కువ, పొగ ఎక్కువ. ఇదీ అంతే.

ఇదంతా నాకు ఆ రోజే తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. అయినా సిరంజితో నీళ్లు పోసి రెండు గిన్నెల్లో ఎంత పడుతుందో కొలిచాను. తేడా ఒక సీసీ కన్నా తక్కువ. అసలుది లోతు ఎక్కువ, వెడల్పు తక్కువ. రెండోది వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. పరిమాణం ఒకటే కాబట్టి గాలి సరిగ్గానే నొక్కుకుంటుంది, ఇంజను స్టార్ట్ అవుతుంది. ఆ ఒక్క కొలత దొరికేసరికి నా మనసు సమాధానపడింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఖాజా భాయ్ మూడు కొలతల దగ్గర ఆగాడు, నేను నాలుగో దాని దగ్గర ఆగాను. తేడా అంతే.

బండి మీద బయలుదేరాను. నర్సంపేట దాటాక రోడ్డుకు అడ్డంగా మొద్దులు వేసి ఉన్నాయి. పక్కనే పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం ఉడుకుతోంది. వంటావార్పు. రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినే నిరసన.

"ఏడికన్నా?" అని ఒకాయన ఆపాడు.

"గిర్నీ ఇంజను బాగు చెయ్యనీకి పోతున్న."

"సాంబయ్య గిర్నీనా? ఇడువుండ్రి, ఇడువుండ్రి. కారం లేక మన కూర సప్పగుంటున్నది."

మొద్దు జరిపారు. విస్తరి కూడా వేశారు. తిని బయలుదేరాను.

గిర్నీలో పని నాలుగు గంటలు పట్టింది. ఆడవాళ్లు కదలలేదు. లైనర్ దించి, పిస్టన్ వేసి, సీసం తీగతో ఇంజను తలకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ చూసి, బోల్టులు బిగించి హ్యాండిల్ తిప్పాను. మూడో తిప్పుకు అందుకుంది. మర తిరిగింది. ఆడవాళ్లంతా ఒక్కసారి లేచారు. అప్పుడే పొగ మొదలైంది. నల్లది కాదు, తెల్లది. కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసన. పది నిమిషాలకు ఇంజను వేడెక్కాక తగ్గింది కానీ పోలేదు.

పొగగొట్టం వెనక గోడలోంచి నడుము ఎత్తులో బయటికి వచ్చి, చూరు కిందే ఆగిపోతుంది. ఆ చూరు కిందే ఐలవ్వ జల్లెడ పట్టే చోటు. వచ్చిన గింజలు ఆమె జల్లించి రాళ్లు తీసి ఇస్తేనే సాంబయ్య మరలో పోస్తాడు. రాయి పడితే మర పోతుందని. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా ఆమె అక్కడే ఉంటుంది.

ఆమె దగ్గుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. ముందు నుంచే దగ్గు ఉన్న మనిషని ఆ దగ్గు వింటేనే తెలుస్తుంది.

వరుసలో ముందున్నామె పిండి వేళ్ల మధ్య నలిపి వాసన చూసి, "గిదేందవ్వా, డీజిల్ కంపు కొడ్తున్నది" అంది.

"మంచిగాయె గద" అంది ఐలవ్వ. "బస్సులు బందున్నయి. రెండు రొట్టెలు తిను, మానుకోట దాంక నువ్వే ఉరుకుతవు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాంబయ్యను పక్కకు పిలిచి చెప్పాను. "బాపూ, ఇది అసలు పిస్టన్ కాదు. జర పొగ వస్తది. సమ్మె అయినంక అసలుది తెచ్చి పెడ్తం. అప్పటిదాంక పొగగొట్టాన్ని కప్పు మీదికి లేపు."

"పైపు ఏడ దొరుకుతది బిడ్డా గిప్పుడు?"

"ఏదన్న రేకు చుట్టి లేపు. అవ్వను ముంగటికి కూసోమను."

"ముంగట జాగ ఏడున్నది? ముంగటంత వరుసనే గద" అంది ఐలవ్వ. "పొయ్యి ముంగట నలభై ఏండ్లు కూసున్న కొడుకా. గీ పొగ నన్నేం జేస్తది?"

నా చిన్న పుస్తకంలో రాసుకున్నాను: కొత్తగూడ గిర్నీ, వేరే పిస్టన్, పొగ, తర్వాత మార్చాలి.

పన్నెండు రోజులకు సాంబయ్య ఫోన్ చేశాడు. నూనె డబ్బాల రేకులు చుట్టి గొట్టాన్ని పైకి లేపాడట. సన్నగా చుట్టడం వల్ల పొగకు దారి చాలక ఇంజను బలం తగ్గి మర లాగలేదు. తీసేశాడు.

"ఇంజను నడుస్తున్నదా బాపూ?" అని అడిగాను.

"నడుస్తున్నది. నడుస్తున్నది గని, మీ అవ్వకు రాత్రిళ్లు దమ్ము వస్తున్నది, ఊపిరి అందుతలేదు."

"నడుస్తున్నది కదా. పార్సిలు రాంగనే వస్త. జర ఓపిక పట్టు."

మా షాపు పలక మీద రెండు వరుసలు ఉండేవి. ఒకటి 'ఆగినవి', రెండోది 'నడుస్తున్నవి'. ఆగినవాటికి ముందు పోవాలి, నడుస్తున్నవాటికి తర్వాత. ఈ పద్ధతి పెట్టింది నేనే. అంతకుముందు ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల పని ముందు అయ్యేది. నా పద్ధతి వచ్చాక గొడవలు తగ్గాయని ఖాజా భాయ్ నలుగురికీ చెప్పేవాడు. సాంబయ్య ఇంజన్ని రెండో వరుసలో రాశాను.

అక్టోబరు చివర్లో సమ్మె ఆగింది. నాలుగు రోజులకు పార్సిలు వచ్చింది. అందులో సాంబయ్య పిస్టన్ ఉంది. దాన్ని అలమారలో, పేరు చీటీ అంటించి పెట్టాను. కానీ అప్పటికి 'ఆగినవి' కింద పదకొండు పేర్లు ఉన్నాయి. నర్మెట్టలో రెండు పంపుసెట్లు, ఊళ్లో మూడు ట్రాక్టర్లు, ఇలా. నెలన్నర పని ఒక్కసారి వచ్చి పడింది.

మళ్లీ ఫోన్ వచ్చింది. అవ్వను మానుకోట దవాఖానకు తీసుకుపోయి తెచ్చానని సాంబయ్య చెప్పాడు. పొగకు దూరం ఉంచమన్నారని చెప్పాడు. మోటారు ఇంకా రాలేదని చెప్పాడు.

"గిర్ని రెండు రోజులు బందు పెట్టరాదు బాపూ."

"పెట్టిన బిడ్డా. పెడితే గంగారం దిక్కు నుంచి నడిసొచ్చిన వాళ్లు వాకిట్ల కూసుండ్రు. మీ అవ్వనే లేపి పంపింది, పో, మర పెట్టుపో, గింత దూరం వచ్చిండ్రని. ఆమె ఇంట్ల ఎట్ల ఉంటది? జల్లెడ ఎవలు పడ్తరు?"

"ఈ వారంల వస్త."

"రా బిడ్డా. జర జల్ది రా."

పిస్టన్ మా అలమారలో పదమూడు రోజులు ఉంది.

ఆగినవాటిలో చివరి ట్రాక్టరు స్టార్ట్ అయిన మర్నాడు బయలుదేరాను. ఊరు ఇంకా అర కిలోమీటరు ఉండగానే చెట్ల మీదుగా తెల్లపొగ కనిపించింది. గిర్నీ నడుస్తోంది. వరుసలో ఆరుగురు ఉన్నారు. సాంబయ్య తల గొరిగించుకుని ఉన్నాడు. వెనక చూరు కింద ఎవరో వేరే ఆమె జల్లెడ పడుతోంది.

నేను సంచి దించి నిలబడ్డాను. ఆయనే మాట్లాడాడు.

"నాలుగొద్దులాయె బిడ్డా. మూడొద్దులు మూసిన. ఇయ్యాల్నే తెరిచిన. ఊరికి తిండుండాలె గద."

"ఫోన్ చెయ్యకపోతివి బాపూ."

"చేసి ఏమని చెప్పాలె? నువ్వు ఇంజను బాగు చేసెటోనివి."

డాక్టరు ఏమన్నాడని అడిగాను. ఊపిరితిత్తులు పొయ్యి పొగకు ఏళ్ల తరబడి పాడైపోయి ఉన్నాయన్నాడట. ఈ నెలన్నరలో బాగా ముదిరిందన్నాడట. అంతకన్నా ఆయనకు గుర్తులేదు.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, తల విప్పాను. నేను పెట్టిన పిస్టన్ పైకి తీశాను. దాని తల మీద తడి మసి. మొదటి రింగు పైభాగం చుట్టూ తారులాంటి జిగురు. కాలని డీజిల్ అలా పేరుకుంటుంది. గుడ్డతో తుడిచి, కొత్త పిస్టన్ పక్కన పెట్టాను. సాంబయ్య వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. రెండు గిన్నెల్లోనూ ఒకదాని తర్వాత ఒకటి బొటనవేలు పెట్టి చూశాడు.

"తేడా గిదేనా?"

"గిదే. కొత్తదాని గిన్నె ఆరు మిల్లీమీటర్లు లోతు ఎక్కువ."

"ఆరంటే ఎంత?"

వెర్నియర్‌ను ఆరు దగ్గర పెట్టి చూపించాను. ఆయన ఆ సందులోకి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి వరుసలో ఉన్నవాళ్లకు నీళ్లు ఇవ్వడానికి పోయాడు.

కొత్త పిస్టన్ వేశాను. ప్రతి బోల్టూ రెండుసార్లు చూశాను. హ్యాండిల్ తిప్పితే మొదటి తిప్పుకే అందుకుంది. ఒక్క క్షణం బూడిదరంగు పొగ వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత గొట్టం చివర గాలి వణకడం తప్ప ఏమీ కనిపించలేదు. జల్లెడ పట్టే ఆమె తల ఎత్తి, "పొగ బందయ్యింది" అంది.

సాంబయ్య వెనక్కి వచ్చి గొట్టం ముందు అరచెయ్యి పెట్టాడు. తీసి వాసన చూసుకున్నాడు. మళ్లీ పెట్టాడు.

"గంతేనా?" అన్నాడు.

నేను రెంచీలు తుడిచి సంచిలో పెట్టుకుంటున్నాను.

"ఎంతసేపు పట్టింది బిడ్డా?"

"రెండు గంటల నలభై నిమిషాలు."

తలూపాడు. కోపంగా ఒక్క మాట అని ఉంటే నాకు సులువుగా ఉండేది. "తినిపో" అన్నాడు. ఆ రోజు ఆయన ఇంట్లో ఎవరో వండి పెట్టిన జొన్నరొట్టె తిన్నాను. దానికి ఇంకా డీజిల్ వాసన ఉంది. పొద్దున పట్టిన పిండి.

జనగామ వచ్చి ఖాజా భాయ్‌కి మొత్తం చెప్పాను. ఆయన పాత పిస్టన్ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "యా అల్లా" అన్నాడు. దాన్ని బల్ల మీద పెట్టి, "తల గూడ చూడాలె ఇగ" అన్నాడు. ఆ తర్వాత మా షాపులో తల కలవకుండా పిస్టన్ బయటికి పోలేదు. దొరకకపోతే దొరకలేదనే చెప్తున్నాం.

పలక మీద వరుసలు కూడా మార్చాను. ఇప్పుడు మూడున్నాయి: ఆగినవి, నడుస్తున్నవి, పొగ వస్తున్నవి. మూడోది అన్నిటికన్నా పైన రాస్తాను. ఫోన్ చేసినవాళ్లను ఇంజను నడుస్తున్నదా అని మొదట అడగడం మానేశాను. దాని పొగ ఎటు పోతున్నది, అక్కడ ఎవరు కూర్చుంటారు అని అడుగుతున్నాను. కొందరికి వింతగా ఉంటుంది. ఆగిపోయిన ఇంజను వల్ల పని ఆగుతుంది, అది అందరికీ కనిపిస్తుంది. చెడ్డగా నడిచే ఇంజను పని చేస్తూనే ఉంటుంది, అది చేసే నష్టం వేరే మనిషిలో పేరుకుంటుంది. మా చదువులో ఈ రెండో భాగం పుస్తకంలో ఒక పేరా మాత్రమే ఉంది.

ఐలవ్వ ప్రాణంలో నా వంతు ఎంత అని లెక్క కట్టడానికి ప్రయత్నించాను. రోజుకు ఎన్ని గంటలు నడిచింది, గంటకు ఎంత డీజిల్ తాగింది, కొత్త పిస్టన్ వేశాక ఎంత తగ్గింది, ఇవన్నీ సాంబయ్యను అడిగి రాసుకున్నాను. కాలకుండా పోయిన డీజిల్ ఎంతో ఉజ్జాయింపుగా వచ్చింది. అది గాలిలో ఎంత పోయింది, ఆమె లోపలికి ఎంత పోయింది, నలభై ఏళ్ల పొయ్యి పొగ ఎంత, ఈ పొగ ఎంత అనేది రాలేదు. దానికి లెక్క లేదు. ఖచ్చితంగా చెప్పగలిగినవి రెండే. ఆ పిస్టన్ ఆ ఇంజన్లో ఉన్నది నలభై ఏడు రోజులు. అందులో ఐలవ్వ బతికి ఉన్నవి నలభై మూడు.